పాలారు మీద 1892 ఒప్పందం కుప్పానికి వర్తిస్తుందా?

పాలారుగట్టు:
కుప్పం వైపు గణేశపురం దగ్గర పాలారు మీద 0.6 టీఎంసీల రిజర్వాయరు మాట లేచిన ప్రతిసారీ తమిళనాడు 1892 నాటి మద్రాసు–మైసూరు ఒప్పందాన్ని ముందు పెడుతుంది. 2006లో సుప్రీంకోర్టుకెక్కింది, సరిహద్దులో చెక్‌డ్యామ్ ఎత్తు పెంచారని 2016లో మళ్లీ ఎక్కింది. 1892లో కుప్పం మద్రాసు వైపే కదా ఉండేది, మైసూరులో కాదే! మైసూరు ఒప్పుకున్న షరతు మన మెడకెలా చుట్టుకుంది? తిరుపతిలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు అడుగుతున్నారు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

నీటిలెక్క:
అన్నా, ముందు ఆ కాగితం ఎలా పుట్టిందో చూడండి. 1831 నుంచి 1881 దాకా మైసూరును నడిపింది బ్రిటిష్ కమిషనర్లు. 1881లో రాజ్యాన్ని ఒడయార్లకు తిరిగిచ్చారు. ఇక ఎగువన కొత్త చెరువులు లేస్తే కింద ఆయకట్టు ఎండుతుందని మద్రాసుకు బెంగ. ఒకవైపు బ్రిటిష్ ప్రెసిడెన్సీ, ఇంకోవైపు బ్రిటిష్ వాళ్ల దయ మీద సింహాసనం నిలిచిన సంస్థానం. బేరం ఎవరి వైపు మొగ్గుతుందో వేరే చెప్పాలా? అయితే ఆ కారణంతో ఒప్పందం చెల్లదన్న కర్ణాటక వాదనను 2018 కావేరి తీర్పులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

'ఎ' షెడ్యూలులో 15 నదులున్నాయి. పాలారు, ఉత్తర పినాకిని (పెన్నా), చిత్రావతి, పాపాఘ్ని, దక్షిణ పినాకిని, తుంగభద్ర, కావేరి అందులోవే. మద్రాసు అనుమతి లేకుండా మైసూరు వీటి మీద 'కొత్త సాగునీటి రిజర్వాయర్లు' కట్టకూడదు. కానీ మద్రాసు కూడా ఊరికే కాదనడానికి వీల్లేదు. అప్పటికే అనుభవంలో ఉన్న నీటి హక్కుకు దెబ్బ తగిలేలా ఉంటేనే కాదనాలి. ఈ రెండో సగాన్ని అక్కడి పేపర్లూ ఇక్కడి పేపర్లూ మింగేస్తాయి.

ఇక కుప్పం. అక్షరాలా చదివితే మీరన్నదే నిజం, బాధ్యత మైసూరుది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర విడిపోయింది మద్రాసు నుంచి, అంటే మనమూ ఆ ఒప్పందంలో హక్కుదారు వైపు వారసులమే. తమిళనాడు మాత్రం పాలారు ఆ జాబితాలో ఉంది గనుక ఎగువన ఎవరు కట్టినా తనను అడగాల్సిందే అంటుంది. నా దృష్టిలో అది బలహీనమైన వాదన. దిగువ రాష్ట్రానికి మామూలుగా ఉండే హక్కు దానికంటే గట్టిది, దానికి ఏ ఒప్పందమూ అక్కర్లేదు. పాలారు పొడవు కర్ణాటకలో 93 కిలోమీటర్లు, మన దగ్గర 33, తమిళనాడులో 222. నష్టం చూపించాలంటే వాళ్ల దగ్గర సరుకుంది.

చెక్‌డ్యామ్ గొడవకు మొదటి నిబంధనలోని నిర్వచనాలు చూడండి. మొరవ (అలుగు) ఎత్తు పెంచడం 'మరమ్మతు' కిందికే వస్తుంది, కానీ నిలిచే నీళ్లో తడిసే భూమో మునుపటికంటే పెరగకూడదు. 30 ఏళ్లకు పైగా పాడుబడిన చెరువును మళ్లీ లేపితే అది 'కొత్తది' అవుతుంది. 2016లో తమిళనాడు ఫిర్యాదు 5 అడుగుల కట్టను 12 అడుగులు చేశారని. అంత పెంచాక నీళ్లు ఎక్కువ నిలవవు అని వాదించడం ఎవరివల్లా కాదు. అక్కడ మిగిలేది ఒకటే దారి, అసలు ఆ నిబంధన మనకు వర్తించదనడం.

పెన్నాతీరం:
చిక్కు అక్కడే ఉంది సార్. పెన్నా ఉపనది చిత్రావతి మీద బాగేపల్లి దగ్గర కర్ణాటక పరగోడు బ్యారేజీ కడుతుంటే బుక్కపట్నం చెరువుకు నీళ్లు రావని మనవాళ్లు పట్టుకున్నది ఇదే 1892 ఒప్పందాన్ని. పాలారు దగ్గర కాగితం చెల్లదని, పెన్నా ఉపనదుల దగ్గర చెల్లుతుందని ఒకే నోటితో అనలేం. 'మైసూరుకే బాధ్యత, మద్రాసు ముక్కల మధ్య కాదు' అన్న గీత మీదే నిలబడాలి. చెల్లదు అన్న మాట ఎత్తితే అనంతపురం వైపు మన చెయ్యి మనమే నరుక్కున్నట్టు.

పాలారుగట్టు:
బాగా చెప్పారు. మరి కోర్టులో ఇన్నేళ్లుగా ఎందుకు తేలడం లేదు? 1974లో ఒప్పందం ముగిసిందని ఒక నోట్సులో ఉంది, అది నిజమేనా?

నీటిలెక్క:
రాష్ట్రాల మధ్య దావాలు 131వ అధికరణం కింద వేస్తారు. దాని మినహాయింపులోనే ముల్లుంది: రాజ్యాంగానికి ముందు కుదిరి ఇంకా అమల్లో ఉన్న ఒప్పందాల తగాదాలు ఆ పరిధిలోకి రావు. మరోవైపు 262వ అధికరణం, 1956 నదీజలాల చట్టం 11వ సెక్షన్ కలిసి నీటి పంపకాన్ని కోర్టుల చేతిలోంచి తీసేశాయి. ముల్లపెరియార్ డ్యామ్ (1886 నాటి ఒప్పందం) కేసు దీన్ని దాటింది, ఎందుకంటే కోర్టు దాన్ని రాజకీయ ఒడంబడికగా కాక మామూలు లీజుగా చూసింది.

పాలారుకు దగ్గరి ఉదాహరణ దక్షిణ పినాకిని. దాని ఉపనది మార్కండేయ మీద కర్ణాటక కడుతున్న యార్గోళ్ డ్యామును ఆపాలని తమిళనాడు అడిగితే, 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు కాదని, ట్రిబ్యునల్ కోసం కేంద్రాన్ని అడగమంది. చట్టంలో దారి ఇది: 3వ సెక్షన్ కింద కేంద్రానికి ఫిర్యాదు, చర్చలు, కుదరకపోతే ఫిర్యాదు అందిన ఏడాదిలోపు 4వ సెక్షన్ కింద ట్రిబ్యునల్.

1974 సంగతి పూర్తిగా వేరు. 50 ఏళ్ల గడువున్నది 1924 కావేరి ఒప్పందానికి, అది కృష్ణరాజసాగర్, మెట్టూరు గురించి. 1892 దానికి గడువే రాయలేదు. పరీక్షలో పాలారు ప్రశ్న కింద 1974 కనబడితే పిల్లల్ని దాని జోలికి పోవద్దనండి.