రిబ్బన్ కేబుల్ కనెక్టర్ లాక్ విరిగితే టేపుతో సరిపెట్టవచ్చా, కనెక్టర్‌నే మార్చాలా?

విద్యానగర్ విద్యార్థి:
సభ్యులందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్‌కు కొత్త కీబోర్డు వేయించుకోవడానికి నగరంలోని ఒక రిపేరు దుకాణంలో ఇచ్చాను. తెచ్చుకున్న కొన్నాళ్లకే కొన్ని మీటలు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. గట్టిగా నొక్కితే ఒక్కోసారి తిరిగి వస్తున్నాయి. అడుగు మూత విప్పి చూస్తే, కీబోర్డు రిబ్బన్ కేబుల్‌ను (పట్టీలా చదునుగా ఉండే కేబుల్) పట్టి ఉంచే నల్లటి లాక్‌కు ఒక చివర చెవి విరిగి ఉంది, దాని మీద పసుపు రంగు టేపును అంటించారు. ఈ సంగతి దుకాణంవారు నాకు చెప్పలేదు, బిల్లులోనూ రాయలేదు. మళ్లీ టేపు వేసి బిగించుకోవాలా, కనెక్టర్ మార్పించాలా? మార్పించాలంటే ఏ కనెక్టర్ కావాలో ఎలా గుర్తుపట్టాలి?

కుషాయిగూడ విశ్రాంత ఇంజనీరు:
ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. కీబోర్డులో మీటలన్నీ అడ్డువరుసలు, నిలువువరుసలుగా కలిపి ఉంటాయి కనుక కేబుల్‌లో ఒక్క లోహపు గీత అందకపోయినా ఒక్క మీట కాకుండా ఒక గుంపే పోతుంది. మీరు చెప్పిన లక్షణం అదే. అయితే ఆ గీత కేబుల్‌లో చిట్లిందా, కనెక్టర్‌లో ఆనడం లేదా అన్నది పరీక్షించి చూడాలి. ఛార్జర్ తీసి, బ్యాటరీ ప్లగ్గును బోర్డు నుంచి ఊడదీసిన తరువాతే దేనినైనా ముట్టుకోండి. కేబుల్ చివర లోహపు గీతలు కాస్త బయటికి కనిపిస్తుంటే సన్నమొన ప్రోబును గీత మీద, రెండో ప్రోబును అదే వరుసలో కనెక్టర్ కాలు బోర్డుకు అతికిన చోట పెట్టి మల్టీమీటరుతో కంటిన్యూటీ, అంటే రెండు చోట్లకూ విద్యుత్తు దారి కలిసి ఉందా అని, చూడండి. ప్లాస్టిక్ పుల్లతో కేబుల్‌ను నొక్కినప్పుడు బీప్ వచ్చి, వదలగానే పోతే తప్పు కనెక్టర్ పట్టులోనే ఉంది.

కనెక్టర్‌ను గుర్తుపట్టడానికి కాళ్ల సంఖ్య, పిచ్ (పక్కపక్క గీతల నడిమిల మధ్య దూరం), ఎత్తు, లాక్ తెరుచుకునే వైపు, లోపలి కాంటాక్టు (గీతకు ఆనే లోహపు స్ప్రింగు) పైన ఉందా కింద ఉందా అన్నవన్నీ చూడాలి. జనం ఎక్కువగా పొరబడేది చివరిదాంట్లోనే. కేబుల్ లోహపు గీతలు బోర్డు వైపు చూస్తుంటే కింది కాంటాక్టు, ఆకాశం వైపు చూస్తుంటే పై కాంటాక్టు. ఒకదానికి బదులు మరొకటి తెచ్చి అతికిస్తే కేబుల్ చక్కగా దూరుతుంది, లాకూ పడుతుంది, కానీ ఒక్క మీటా పనిచేయదు. అప్పుడు కేబుల్‌ను తిరగేసి పెడదామనుకుంటే ముప్పై కాళ్ల కనెక్టర్‌లో ఒకటో గీత ముప్పయ్యో కాలికి చేరుతుంది, ఆ వరుసలో విద్యుత్తు సరఫరా గీత ఉంటే బోర్డే పోవచ్చు.

టేపు మాత్రం మరమ్మతు కాదు. నా అభిప్రాయంలో కనెక్టర్ మార్చడమే సరైన పని.

అమీర్‌పేట ట్రైనర్:
పిచ్ కనుక్కోవడం చాలా సులువు. కేబుల్ వెడల్పును గీతల సంఖ్యతో భాగిస్తే సరిపోతుంది.

కోఠి బెంచి టెక్నీషియన్:
ఇంజనీరు గారూ, కాగితం మీద మీరు చెప్పింది నిజమే. ముప్పై కాళ్ల కనెక్టర్‌ను వేడి చేసి లేపేటప్పుడు ఒక్క ప్యాడ్ (కాలు అతికే రాగి బిళ్ల) లేచినా దానికి వచ్చే ట్రాక్‌ను, అంటే బోర్డు మీది రాగి దారిని, వెతికి సన్నని తీగతో జంపర్ వేయాలి. నాలుగు లేస్తే కస్టమర్ కీబోర్డు కోసం వచ్చి బోర్డు పోగొట్టుకుని వెళతాడు. కీబోర్డు కేబుల్‌ను రోజూ ఎవరూ ఊడదీసి పెట్టరు. ఈ రకం కనెక్టర్లను తయారుచేసేవారే డేటాషీట్లలో (వివరాల పత్రాల్లో) పది, ఇరవై, ముప్పై సార్లు ఊడదీసి పెట్టడానికి మించి హామీ ఇవ్వరు. కేబుల్ చివర వెనుకవైపు కప్టన్ అనే పసుపు రంగు టేపు ఒక పొర అంటించి దూర్చి, పైన నురుగు ముక్క పెట్టి మూత బిగిస్తే సంవత్సరాల తరబడి నడిచిన బోర్డులు నా చేతి మీదుగా వెళ్లాయి. ఎలక్ట్రానిక్ విడిభాగాల కొట్లుండే గుజరాతీ గల్లీ అంతా తిరిగినా సరిగ్గా ఇదే కనెక్టర్ విడిగా దొరకడం కష్టం. చివరకు అదే మోడల్ పాడైన బోర్డు నుంచి తీయవలసిందే, అంటే ఆ ప్లాస్టిక్ రెండుసార్లు వేడెక్కుతుంది.

కుషాయిగూడ విశ్రాంత ఇంజనీరు:
ట్రైనర్ గారు చెప్పిన లెక్క తప్పు. ముప్పై గీతలుంటే వాటి మధ్య ఖాళీలు 29 మాత్రమే. మొదటి గీత నడిమి నుంచి చివరి గీత నడిమి వరకు కొలిస్తే 14.5 మి.మీ. వచ్చిందనుకోండి, 29తో భాగిస్తే పిచ్ సరిగ్గా 0.5 మి.మీ. అదే కేబుల్ పూర్తి వెడల్పు 15.5 మి.మీ. ఉంటుంది. దానిని 30తో భాగిస్తే దాదాపు 0.517 వస్తుంది, అలాంటి కనెక్టర్ ఏ కొట్లోనూ ఉండదు.

అమీర్‌పేట ట్రైనర్:
0.017 మి.మీ. తేడా కంటికే కనిపించదు. దాని కోసం విద్యార్థులను భయపెట్టడం ఎందుకు?

కుషాయిగూడ విశ్రాంత ఇంజనీరు:
ఒక్క కాలి దగ్గర కనిపించదు. 29 ఖాళీలకు కలిపితే దాదాపు అర మిల్లీమీటరు, అంటే చివరి గీత పక్క కాలి మీద కూర్చుంటుంది.

సైనిక్‌పురి సభ్యురాలు:
అసలు లోపలి కాంటాక్టులు బాగుండి లాక్ చెవి ఒక్కటే విరిగితే కనెక్టర్ మొత్తం పీకడం దేనికి? అదే రకం పాత కనెక్టర్ నుంచి లాక్ ముక్కను మాత్రం ఊడదీసి పెట్టవచ్చు. సోల్డరింగ్ అవసరమే లేదు.

అమీర్‌పేట ట్రైనర్:
నేను చెప్పింది సుమారు కొలత గురించి. దానిని పట్టుకుని నన్ను తప్పుపట్టడం బాగాలేదు.

కుషాయిగూడ విశ్రాంత ఇంజనీరు:
టెక్నీషియన్ గారి ప్యాడ్ల భయానికి జవాబు పద్ధతిలోనే ఉంది. సీసం లేని సోల్డరు దాదాపు 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు. 63/37 సీసం సోల్డరు 183 దగ్గర, బిస్మత్ కలిపిన తగరం 138 దగ్గర కరుగుతాయి. బోర్డును బయటికి తీసి, చుట్టుపక్కల భాగాలకు కప్టన్ కప్పి, సోల్డరింగ్ పేస్టు (ఫ్లక్స్) పూసి, కాళ్ల మీదా రెండు కొసల్లోని పట్టు ప్యాడ్ల మీదా ఈ తక్కువ వేడి సోల్డరును కలిపి, బోర్డును కింద నుంచి కొద్దిగా వెచ్చచేస్తే కనెక్టర్ తనంతట తానే వదులవుతుంది. కొస ప్యాడ్లు కరగకముందే లాగేవారి చేతిలోనే ట్రాకులు లేస్తాయి. తరువాత విక్‌తో (సోల్డరును పీల్చే రాగి అల్లిక) పాత సోల్డరంతా శుభ్రంగా తీయాలి, ఎందుకంటే బిస్మత్ మిగిలితే అతుకు పెళుసుగా ఉంటుంది, దానికి సీసం కూడా కలిస్తే 96 డిగ్రీల దగ్గరే కరిగే మిశ్రమం ఏర్పడవచ్చు.

టేపు సంగతి కూడా చెబుతాను. ఈ కేబుల్ చివర మందం సాధారణంగా 0.3 మి.మీ. ఉండేలా కాంటాక్టులను రూపొందిస్తారు. మీరు పొర మీద పొర వేస్తే లోపలి స్ప్రింగులు శాశ్వతంగా వంగిపోతాయి, ఆ తరువాత లాక్ మార్చినా పట్టు ఉండదు. వేడికి టేపు జిగురు జారుతుంది. ఈ విద్యార్థికి జరిగినది అదే కావచ్చు.

కోఠి బెంచి టెక్నీషియన్:
పద్ధతి మాకు తెలియనట్టు రాస్తున్నారు. ఎస్‌ఎండీ బ్లోయర్ (సోల్డరును కరిగించే వేడిగాలి యంత్రం) ముందు కూర్చునేది మేము, ప్యాడ్ లేస్తే తిట్లు తినేది మేము. ఒకసారి నేను ఇలాగే కనెక్టర్ మార్చుకుందామని నచ్చజెప్పి బోర్డు తీసుకున్నాను. అది అంతకుముందే నీళ్లలో తడిసి, ప్యాడ్లు కుళ్లి ఉన్నాయి. కనెక్టర్ లేపగానే ట్రాకులు వచ్చేశాయి. కస్టమర్ దుకాణం ముందు నిలబడి గొడవ చేస్తే బోర్డు ఖరీదు నా జేబులోంచి కట్టాను. ఆ రోజు మీ వంటి పెద్దలెవరూ నా పక్కన నిలబడలేదు. మీకు పింఛను వస్తుంది, నాకు నెలాఖరుకు దుకాణం అద్దె కట్టాలి.

దిల్‌సుఖ్‌నగర్ వాసి:
ఇంజనీరు గారి పింఛను మధ్యలో ఎందుకు వచ్చింది? విషయం మీద మాట్లాడండి.

విద్యానగర్ విద్యార్థి:
టెక్నీషియన్ గారూ, మీ నష్టం నాకు అర్థమైంది. కానీ దుకాణంవారు టేపు వేసినందుకు నేను బాధపడటం లేదు. లాక్ విరిగిందనీ, టేపు వేశామనీ ఒక్క మాట చెప్పి ఉంటే, మీటలు పోయిన రోజున నేను కొత్త కీబోర్డే చెడిపోయిందనుకుని మరొకటి కొనేవాణ్ని కాదు. ఆ రెండోది వేసినా ఫలితం లేకపోయాకే మూత విప్పాను.

కోఠి బెంచి టెక్నీషియన్:
ఉన్న మాట చెబుతున్నాను. లాక్ విరిగిందని చెప్పగానే కస్టమర్ మొదట అడిగేది, మీరే విరిచారా అని. నిజంగా ముందే విరిగి ఉన్నా నమ్మడు, బోర్డు తీసుకుని పక్క దుకాణానికి పోతాడు. అక్కడ ఏమీ చెప్పకుండా అదే టేపు వేస్తారు. నిజం చెప్పిన నాకు పని పోతుంది.

కుషాయిగూడ విశ్రాంత ఇంజనీరు:
ఇన్ని పోస్టుల తరువాత గొడవ అసలు చోటికి వచ్చింది. టేపు వేయడం కంటే, వేసి దాచడమే నాకు అభ్యంతరం. మీకు కలిగిన నష్టానికి కూడా కారణం అదే కదా, ఆ కస్టమర్ బోర్డు తడిసిన సంగతి మీ దగ్గర దాచాడు. మూత విప్పగానే, చేయి పెట్టకముందే, లాకునూ ప్యాడ్లనూ ఫోనులో ఫొటో తీసి కస్టమర్‌కు పంపండి. ఎవరు విరిచారన్న ప్రశ్నకు అదే జవాబు. మార్చేటప్పుడు ప్యాడ్లు లేచే ప్రమాదం ఉంటే అదీ ముందే చెప్పండి, ఒప్పుకుంటేనే పని మొదలుపెట్టండి.

కోఠి బెంచి టెక్నీషియన్:
ఫొటో మాటకు ఒప్పుకుంటాను. బిల్లులో టేపు అని రాయడానికీ అభ్యంతరం లేదు, కానీ కీబోర్డు, టచ్‌ప్యాడ్ వరకే. డిస్‌ప్లే కేబుల్‌కు టేపు వేయమని కస్టమర్ బతిమాలినా నేను వేయను. అక్కడ బ్యాక్‌లైట్ (తెర వెనుక దీపం) వోల్టేజీ గీత డేటా గీతలకు దగ్గరలోనే నడుస్తుంది, కేబుల్ కాస్త ఒరిగినా ప్రాసెసర్ దాకా పోవచ్చు.

కుషాయిగూడ విశ్రాంత ఇంజనీరు:
కీబోర్డుకు కూడా టేపు తాత్కాలికమేనని బిల్లులో ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను మీతో ఏకీభవించలేను.

విద్యానగర్ విద్యార్థి:
భూతద్దంతో చూశాను. టేపు ఒక పొరే వేశారు, లోపలి కాంటాక్టులన్నీ ఒకే వరుసలో, ఒకే ఎత్తులో ఉన్నాయి. సైనిక్‌పురి సభ్యురాలు చెప్పినట్టు లాక్ ముక్క మాత్రం మార్చగలరా?

కోఠి బెంచి టెక్నీషియన్:
చేయవచ్చు. బోర్డుతోపాటు కేబుల్ కూడా తీసుకురండి, గీతలు ఏ వైపు చూస్తున్నాయో నేను కళ్లారా చూడాలి. పాత బోర్డుల్లో అదే లాక్ దొరికితే మీ ముందే పెడతాను, దొరకకపోతే తిప్పి పంపుతాను.