ఎనిమిది కోళ్లు, ఐదు రోజుల ఊరు: మనిషిని పెట్టాలా, బకెట్లు నింపి తాళం వేసుకుపోవాలా?

పెరటిగంప:
సంక్రాంతికి ఐదు రోజులు ఊరెళ్లాలి. హైదరాబాద్ శివార్లలో ఇల్లు. పెరట్లో 5 వనరాజా (పెరటి పెంపకానికి తయారుచేసిన సంకర జాతి) పెట్టలు, 2 నాటు పెట్టలు, ఒక పుంజు. పగలు తిరుగుతాయి, రాత్రి గూట్లోకి వెళ్తాయి. ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. బకెట్‌కి నిపుళ్లు (కోడి ముక్కుతో పొడిస్తే చుక్క నీరు వదిలే చిన్న కొళాయిలు), పైపు దాణా డబ్బా పెట్టి వెళ్లిపోవచ్చని ఒకటి. వెనక వీధిలో కోళ్లు పెంచే ఆవిడకి అప్పగించాలని ఇంకొకటి. ఏది మంచిదో కారణంతో సహా చెప్పండి.

బకెట్‌నిపుల్:
ఐదు రోజులకి మనిషి అక్కర్లేదండీ, లెక్క చూడండి. బయటికి వదలకుండా జాలీలోనే ఉంచితే ఒక్కో పక్షికి రోజుకి 110 గ్రాముల దాణా. ఎనిమిదింటికి 900 గ్రాములు, ఐదు రోజులకి నాలుగున్నర కిలోలు. నాలుగంగుళాల పీవీసీ పైపు మీటరు ముక్కలో సుమారు 5 కిలోలు పడుతుంది. రెండు పైపులు పెడితే ఒకటి ఇరుక్కున్నా రెండోది ఉంటుంది. నీళ్లు జనవరిలో పక్షికి పావు లీటరు, అంటే రోజుకి 2 లీటర్లు. 20 లీటర్ల బకెట్ నింపితే ఐదు రోజులకి కావాల్సినదానికి రెట్టింపు.

తేడా వచ్చేది చిన్న చిన్న చోట్ల. బకెట్ మూత బిగించి పెడితే లోపలికి గాలి పోక, కొంతసేపటికి నిపుల్ నుంచి చుక్క రావడం ఆగిపోతుంది. నిండు బకెట్ కనిపిస్తూనే ఉంటుంది, కోళ్లకి మాత్రం నీళ్లుండవు. మూతకి మేకు దూరేంత బెజ్జం పెట్టాలి. బోరు నీళ్లయితే ఉప్పు పట్టి నిపుల్ పుల్ల బిగుసుకుంటుంది, వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి కడగండి. నాలుగు నిపుళ్లు పెట్టి ఒక్కోదాన్నీ వేలితో నొక్కి చుక్క పడుతోందో లేదో చూడండి. ఎత్తు ఎంతంటే, పెట్ట మెడ కాస్త పైకి చాపి అందుకోవాలి. వంగి తాగేలా ఉంటే సగం నీళ్లు కిందకి కారి గడ్డి తడుస్తుంది. ఇంతవరకూ చిప్పలో తాగిన కోళ్లయితే పదిరోజుల ముందే నిపుల్ అలవాటు చేయాలి.

నాటుగుడ్డు:
లెక్క సరిగ్గానే వేశారు. కానీ పెరటి కోడి ఆకలితో చచ్చేది తక్కువండీ, ముంగిసకో కుక్కకో దొరికి చచ్చేదే ఎక్కువ. సాయంత్రం గూటి తలుపు ఎవరు వేస్తారు?

పైగా పైపులో దాణా రాత్రంతా ఉంటే ఎలుకలు పోగవుతాయి. ఎలుకల వెనక పాము వస్తుంది. ఐదు రోజుల గుడ్లు గూట్లోనే ఉంటే ఒకటి పగులుతుంది, దాన్ని ఒక పెట్ట రుచి చూస్తుంది, ఆ అలవాటు మళ్లీ మాన్పించడం చాలా కష్టం. ఇంకో పెట్ట ఆ గుడ్ల మీద పొదుగుకి కూర్చుంటుంది.

బకెట్‌నిపుల్:
వెలుతురు సెన్సర్‌తో వాటంతటవే మూసుకునే తలుపులు దొరుకుతున్నాయి కదా.

నాటుగుడ్డు:
వీధి దీపం వెలుతురు ఆ సెన్సర్ మీద పడితే చీకటి పడలేదనుకుని తలుపు తెరిచే ఉంటుంది. సరిగ్గా మూసుకున్నా ఇంకో చిక్కు. వనరాజాలు బరువైనవి, నెమ్మదిగా వస్తాయి. నాటు పెట్టలు వీలు దొరికితే జామచెట్టెక్కి పడుకుంటాయి. తలుపు పడేసరికి ఒకటి బయట మిగిలితే ఆ తలుపే దాన్ని ముంగిసకి అప్పజెప్పినట్టు. లోపల ఎన్నున్నాయో తలుపుకి తెలియదు. మనిషైతే పొద్దుగూకిన పావుగంటకి టార్చి వేసి, కర్ర మీద కూర్చున్నవాటిని ఎనిమిది దాకా లెక్కపెట్టి, ఆ తర్వాతే గడియ వేస్తాడు. రోజు మొత్తంలో తప్పనిసరి పని ఇదొక్కటే. మిగతావి గంట అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

కొక్కెరమందు:
మనిషి ఉండాలన్నది ఒప్పుకుంటాను. కానీ వెనక వీధి ఆవిడ వద్దు. ఆవిడకి కోళ్లున్నాయి, అదే భయం. కొక్కెర తెగులు (రాణిఖెత్ అనే వైరస్ జబ్బు) చెప్పులకంటిన రెట్టతోనే ఒక పెరటి నుంచి ఇంకో పెరటికి నడిచొస్తుంది. పక్షికి అంటుకున్నాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా అయిదారు రోజులు పడుతుంది కాబట్టి వాళ్ల కోళ్లు బాగున్నాయన్న మాట మీద నమ్మకం పెట్టుకోలేం. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు జబ్బు బయటపడిన చోటు నుంచి కిలోమీటరు దాకా ఉన్న పక్షులన్నిటినీ చంపేశారు. పైగా సంక్రాంతికి పందెం పుంజులు ఊళ్లు తిరిగి వస్తుంటాయి. ఆవిడ ఇంట్లో పందెం కోడి ఉంటే అసలు ఆలోచించకండి.

కోళ్లు లేని పక్కింటివాళ్లని అడగండి. వాళ్లకి కోళ్ల గురించి తెలియకపోయినా, రాసిచ్చింది చేస్తే చాలు.

నాటుగుడ్డు:
ఇక్కడ నేను ఒప్పుకోను. కోడి జబ్బుని దాచుకుంటుంది. రెక్కలు కాస్త వేలాడేసి, కళ్లు సగం మూసి, మేత దగ్గరికి అందరికన్నా వెనక వచ్చే పెట్టని కోళ్లు పెంచినవాళ్లే గుర్తుపడతారు. కొత్తవాళ్లు చచ్చాక ఫోన్ చేస్తారు. ఆకుపచ్చ రెట్ట చూసి గడ్డి ఎక్కువ తిందేమో అనుకుంటారు. చెప్పుల సమస్యకి చెప్పులే మార్గం: మీ పెరట్లోనే ఒక జత పెట్టి, గేటు దగ్గర మార్చుకోమనండి. పొద్దున మీ కోళ్ల పని అయ్యాకే ఆవిడ తన గూడు తెరవాలి, ఈ వరస ముఖ్యం. గంప, చిప్ప, చీపురు ఏదీ అక్కడి నుంచి తేకూడదు.

కొక్కెరమందు:
పొద్దున సరే అండీ, సాయంత్రం? పగలంతా తన కోళ్ల మధ్య తిరిగిన చీరతోనే కదా వస్తుంది! ఐదు రోజుల పాటు రోజుకి రెండుసార్లు వరస తప్పకుండా పాటించే మనిషి అరుదు. కొత్తవాళ్లకి చూడటం నేర్పొచ్చు. రోజూ సాయంత్రం గూట్లో కర్ర మీద కూర్చున్న కోళ్ల ఫొటో ఒకటి, పొద్దున రెట్ట ఫొటో ఒకటి పంపమనండి. ఫొటోలో ఎనిమిది తలలు మీరే లెక్కపెట్టుకోవచ్చు, జబ్బు కూడా మీరే గుర్తుపట్టొచ్చు.

ఎవరు చూసినా కొక్కెర తెగులుకి వేసే లాసోటా టీకా కనీసం రెండు వారాల ముందే అయిపోవాలి. రక్షణ రావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది, బయల్దేరే ముందురోజు వేయించి లాభం లేదు.

పెరటిగంప:
గంపలో పెట్టి ఆవిడ ఇంట్లోనే వదిలేస్తే? మాతోపాటు ఊరికి తీసుకెళ్తే?

కొక్కెరమందు:
రెండూ వద్దు. పరాయి మందలో కలిపితే జబ్బుతోపాటు పోట్లాటలు. మీ పుంజూ వాళ్ల పుంజూ మొదటి గంటలోనే రక్తాలు కార్చుకుంటాయి. తిరిగొచ్చాక మూడు వారాలు విడిగా ఉంచాలి కూడా, ఎనిమిదింటికీ వేరే గూడు ఎక్కడుంది మీకు?

తవుడుబస్తా:
ఎవరిని పెట్టాలో మీరే తేల్చుకోండి, ఎలా అప్పగించాలో చెప్తాను. దాణా బస్తా చూపించి రెండు గుప్పెళ్లు వేయమనకండి. ఒక్కొక్కరి గుప్పెడు ఒక్కోలా ఉంటుంది. తూకం వేసి రోజుకొక కవర్ కట్టండి, మీద తేదీ రాయండి. పగలు పెరట్లో తిరిగితే కవర్‌కి 500, 600 గ్రాములు చాలు. మిగిలిన మేత సాయంత్రం తీసేయాలి. రోజూ మిగలనిది ఒకరోజు సగం మిగిలిందంటే ఏదో తేడా ఉన్నట్టే.

బయల్దేరే ముందు రెండు రోజులు పని వాళ్లతోనే చేయించండి, మీరు చేతులు కట్టుకుని పక్కన నిలబడండి. గూటి గడియ ఎత్తి పట్టుకుంటేనే పడుతుందని మీ చేతికి తెలుసు, వాళ్ల చేతికి తెలియదు.

గుడ్లు వాళ్లవే అన్న బేరం ఒక్కటే సరిపోదు. జనవరిలో పెట్టలు ఈకలు రాలుస్తూ గుడ్లు ఆపితే వాళ్లకి దక్కేది ఏమీ ఉండదు. ఐదు రోజులకి ఇంతని డబ్బు ముందే ఇచ్చేయండి, గుడ్లు పైన.

ఒక పక్షి చస్తే ఏం చేయాలో కూడా కాగితం మీద రాయండి. ఉత్త చేత్తో ముట్టుకోకుండా పాలిథిన్ కవర్ చేతికి తొడిగి తీయాలి, ముందు మీకు ఫోన్ చేయాలి. ఒకే రోజు రెండు చస్తే పూడ్చకుండా పశువైద్యుడికి చెప్పాలి, పశువుల సంచార వైద్యశాల నంబరు 1962కి ఫోన్ చేయొచ్చు. మెడికల్ షాపులో అడిగి ఏ మందూ నీళ్లలో కలపొద్దని పెద్ద అక్షరాలతో రాయండి.

బకెట్‌నిపుల్:
తలుపు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, సాయంత్రం మనిషి ఉండాలి. బకెట్ మాత్రం ఉంచండి. ఎవరైనా ఒక పూట రాలేకపోతే కోళ్లు ఎండిపోవు. మేలో వెళ్తే నీళ్లు రెట్టింపు లెక్కేసుకోండి, బకెట్ నీడలో ఉండాలి. వేడెక్కిన నీళ్లు కోడి తాగదు.

పెరటిగంప:
కోళ్లు లేని పక్కింటి పిన్నిగారిని అడుగుతాను, సాయంత్రం ఫొటో పంపమంటాను. జామచెట్టెక్కే నాటు పెట్టలు రెండింటినీ ఏం చేయాలి? చెట్టు మీద నుంచి దింపడం ఆవిడ వల్ల కాదు.

నాటుగుడ్డు:
ఈ రోజు నుంచే మధ్యాహ్నం నాలుగింటికి గుప్పెడు జొన్నలు గూటి లోపలే చల్లి, లోపలికి రాగానే తలుపు వేసేయండి. వారం పది రోజుల్లో ఆ వేళకి అవే వచ్చి నిలబడతాయి. పిన్నిగారికి ఇచ్చే కవర్లతోపాటు ఆ జొన్నలూ విడిగా ఐదు పొట్లాలు కట్టండి.