పేజ్‌మేకర్, అను కోసం విండోస్ 11 లోపల ఎక్స్‌పీ పెట్టుకోవచ్చా?

తెనాలి డీటీపీ:
నమస్కారమండీ. తెనాలిలో చిన్న డీటీపీ షాపు మాది. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, బిల్లు బుక్కులు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు. శివకాశి కార్డులు తెప్పించి మ్యాటర్ మేమే కొట్టి ప్రింటేసిస్తాం. పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు కొట్టే అను స్క్రిప్ట్ మేనేజర్ మీదే. అనులో ఉండే యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ తప్ప నా చేతులకి ఇంకోటి రాదు.

పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టం మదర్‌బోర్డు పోయింది. హార్డ్‌డిస్కు బాగానే ఉంది, ఫైళ్లన్నీ తీసి పెట్టా. కొత్త సిస్టం ఐ5, 8 జీబీ ర్యామ్, విండోస్ 11. పేజ్‌మేకర్ ఎక్కింది గానీ అను కుదురుగా లేదు. "అవిఘ్నమస్తు" కొడితే ఒత్తులు ఎగిరిపోతున్నాయి. "యూనికోడ్‌కి మారిపో మామయ్యా" అంటాడు మా అల్లుడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాడికేం, చెబుతాడు. అన్న పెళ్లికి కొట్టిన కార్డే పేర్లు మార్చి తమ్ముడికి కొట్టమని వస్తారు మా ఊళ్లో. పాత ఫైలు తెరుచుకోకపోతే బేరం పక్క షాపుకి పోతుంది. విండోస్ 11 లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌లో ఎక్స్‌పీ వేస్తే ఇవన్నీ ఆడతాయా? ప్రింటు సంగతేంటి?

బందరు కుర్రాడు:
అన్నా, ముందు కంపాటిబిలిటీ మోడ్‌లో పెట్టి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇచ్చి చూడు. కొందరికి దాంతోనే సర్దుకుంది.

పాత ప్రెస్సు మనిషి:
కంపాటిబిలిటీ మోడ్ పేజ్‌మేకర్‌కి పనికొస్తుందేమో గానీ, కీబోర్డు దగ్గర గొడవలకి అది మందు కాదు. రోజూ బేరం చేసే సిస్టంలో ఇవాళ ఆడి రేపు ఆడకపోతే కష్టం. ఎక్స్‌పీయే వేసుకోండి, మీ పనికి అదే సుఖం.

వర్చువల్ మెషీన్‌కి వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ చాలు. బేస్ ప్యాకేజీ ఉచితం, షాపులో వాడుకున్నా ఇబ్బంది లేదు. దానికి అదనంగా ఇచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ మాత్రం షాపు వాడకానికి ఉచితం కాదు, దాని జోలికి పోకండి. 7వ వెర్షన్ నుంచి యూఎస్‌బీ 2 బేస్‌లోనే వచ్చేసింది కాబట్టి దాని అవసరమూ లేదు. మీ అను పాతది, యూఎస్‌బీ లాక్ (గుచ్చితేనే అను నడిచే తాళం) ఉన్నదైతే సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ 2 కంట్రోలర్ ఎంచుకుని, ఆ లాక్‌కి ఫిల్టర్ పెట్టండి. యూఎస్‌బీ 3 పెడితే ఎక్స్‌పీ దగ్గర దానికి డ్రైవర్ ఉండదు.

ఎక్స్‌పీకి 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు, ఒక్క కోర్ ఇవ్వండి. అంతకు మించి ఇచ్చినా పేజ్‌మేకర్‌కి వాడుకోవడం రాదు. డిస్కు కంట్రోలర్ ఐడీఈ ఉండాలి. సాటా పెడితే ఇన్‌స్టాలేషన్ మధ్యలోనే నీలం స్క్రీన్ వచ్చి కూర్చుంటుంది. పాత హార్డ్‌డిస్కుని ఉన్నదున్నట్టు ఇమేజ్ తీసి బూట్ చేద్దామని మీ అల్లుడు అనొచ్చు. హార్డ్‌వేర్ మారింది కాబట్టి అక్కడా నీలం తెర వచ్చే అవకాశం ఎక్కువ. పైగా సిస్టంతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ సిస్టంకే పరిమితం. విడిగా కొన్న సీడీ, కీ ఉంటే కొత్తగా ఎక్కించుకోండి.

ఎక్స్‌పీ కిటికీ కింద మూల తాబేలు బొమ్మ కనిపిస్తే అదీ తాబేలులాగే నడుస్తుంది. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ని విండోస్ 11లోని హైపర్-వీ ముందే ఆక్రమించుకుందని అర్థం. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫారం తీసేయండి. అప్పటికీ పోకపోతే కోర్ ఐసొలేషన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ ఆపాలి. అది రక్షణ కోసం పెట్టినది, కాబట్టి వేగం చాలనిపిస్తే ఆపకండి.

ఇంకొకటి, ఇది ఖచ్చితంగా చేయండి. ఎక్స్‌పీకి నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి. 2014 ఏప్రిల్ 8తో దానికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు ఆగిపోయాయి. కస్టమర్ పెన్‌డ్రైవ్ కూడా విండోస్ 11లో స్కాన్ చేశాకే. అన్నీ ఆడాక మొత్తం మెషీన్‌ని ఓవీఏ అనే ఒకే ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి బయటి డిస్కులో పెట్టుకుంటే, ఈ సిస్టం పోయినా ఇంకోదాంట్లో మళ్లీ ఎక్కించుకోవచ్చు.

అక్షరాల పిచ్చి:
ఒక్క మాట. కస్టమర్లు మ్యాటర్ వాట్సాప్‌లో పంపితే అది యూనికోడ్, అంటే ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే తెలుగు. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలీదు, తీసుకెళ్లి అతికిస్తే ప్రశ్నార్థకాలొస్తాయి. అను ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు ఉంటాయి కాబట్టి, విండోస్ 11లోనే కన్వర్టర్‌తో అనులోకి మార్చి ఆ తర్వాత అతికించాలి. మార్చాక క్రావడి (రకారపు ఒత్తు), "జ్ఞ" తప్పకుండా చూసుకోండి. కన్వర్టర్లు తడబడేది అక్కడే. పెళ్లికూతురు పేరు "జ్ఞాన ప్రసూన" అయిందంటే మాత్రం చేత్తో కొట్టుకోవడం మేలు.

తెనాలి డీటీపీ:
పెట్టేశానండీ! అవిఘ్నమస్తు ఒత్తుల్తో సహా దిగింది. ప్రియాంక, అనుపమ ఫాంట్లు రెండూ బాగున్నాయి. లాక్ కూడా పట్టుకుంది. తాబేలు రాలేదు. ఇక మిగిలింది ప్రింటరే, దానికి ఎక్స్‌పీ డ్రైవరు ఇవ్వలేదు.

పాత ప్రెస్సు మనిషి:
ప్రింటర్ని ఎక్స్‌పీకి చూపించొద్దు. లోపల ఒక పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవరు, అంటే ఎక్స్‌పీతో వచ్చేవాటిలో ఏదో ఒకటి, ఫైల్ పోర్ట్ మీద పెట్టండి. పేజ్‌మేకర్ ప్రింట్ ఆప్షన్స్‌లో ఫాంట్లు డౌన్‌లోడ్ అయ్యేట్టు చూసుకుని ఫైల్‌గా ప్రింటివ్వండి. ఆ ఫైలుని షేర్డ్ ఫోల్డర్ ద్వారా బయటికి తెచ్చి, విండోస్ 11లో ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో పీడీఎఫ్ చేసుకోండి. ఫాంట్లు పీడీఎఫ్‌లోనే ఇమిడిపోతాయి, బయట అను లేకపోయినా పర్లేదు. షేర్డ్ ఫోల్డర్ పనిచేయాలంటే ఎక్స్‌పీలో వర్చువల్‌బాక్స్ గెస్ట్ అడిషన్స్ ఎక్కించి ఉండాలి. పేజ్‌మేకర్ ఫైల్ని మాత్రం నేరుగా అందులో సేవ్ చేయకండి. లోపలి డిస్కులో సేవ్ చేసి, కాపీ చేయండి.

పీడీఎఫ్ ప్రింటిచ్చేటప్పుడు "ఫిట్" కాకుండా "యాక్చువల్ సైజ్" పెట్టాలి. లేకపోతే మ్యాటరు కొంచెం కుంచించుకుపోయి, శివకాశి కార్డు మీద వినాయకుడి బొమ్మ కింద పడాల్సిన మొదటి లైను పక్కకి జరుగుతుంది. ముందు తెల్లకాగితం మీద తీసి, కార్డుకి ఆనించి వెలుతురులో పట్టి చూసుకుని అప్పుడు కార్డులు ఎక్కించండి.