గార్సిలాసో సానెట్‌లో 11 అక్షరాలు రావట్లేదు, హెచ్ దగ్గర ఎలా లెక్కపెట్టాలి?

స్పానిష్ కవిత్వం మూలంలో చదివేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. స్పానిష్ కవి గార్సిలాసో దె లా వేగా (1536లో చనిపోయాడు) 23వ సానెట్‌కి (14 పాదాల పద్యం) అక్షరాలు లెక్కపెడుతున్నాను. పాదానికి 11 రావాలి, ఒక పదం చివరి అచ్చూ తర్వాతి పదం మొదటి అచ్చూ కలిస్తే ఒకటే అక్షరం, మన సంధిలాగే.

12వ పాదంలో "వ్యేంతో ఎలాదో" వస్తుంది. ఎలాదో స్పెల్లింగ్‌లో ముందు హెచ్ ఉన్నా పలకరు కాబట్టి తో, ఎ కలిసిపోయి లెక్క సరిపోయింది. కానీ దాని ముందు పాదం "కూబ్రా దె న్యేవె లా ఎర్మోసా కుంబ్రె"లో అదే పద్ధతిలో లా, ఎ కలిపితే 10 మాత్రమే వస్తున్నాయి, విడదీస్తేనే 11. చివరి పాదంలో "నో అసేర్" దగ్గరా ఇదే ఇబ్బంది.

వేలు మడిచి లెక్కపెట్టాను, రికార్డింగులు స్లోగా పెట్టి విన్నాను, ఒకరు విడదీసి చదివితే ఇంకొకరు కలిపేస్తున్నారు. చివరికి డిక్షనరీలో చూస్తే, ఇప్పుడు హెచ్‌తో రాసే ఎర్మోసా, అసేర్ రెండూ పాత స్పానిష్‌లో ఎఫ్‌తో మొదలయ్యేవి, ఎలాదోకి ఆ ఎఫ్ లేదు. అంటే గార్సిలాసో నోట్లో ఆ హెచ్ ఇంకా హ లాగా పలికేదేమో, అందుకే అచ్చులు కలవలేదేమో అనిపిస్తోంది, ఇది నిజమైతే ఎంత బాగుంటుందో!

ఇప్పుడు ఇదే ఇతివృత్తం (వయసు పోకముందే అందాన్ని ఆస్వాదించమనడం) మీద తర్వాతి కాలపు స్పానిష్ కవి గోంగోరా 1582లో రాసిన సానెట్, ఆ తర్వాత ఇంకో కవి కెవేదో పద్యాలు చదవబోతున్నాను. వాళ్ల పద్యాల్లో ఎఫ్ నుంచి వచ్చిన హెచ్ ముందు అచ్చులు కలిపి లెక్కపెట్టాలా, విడిగానా?