జీపీఎస్ లేకుండా శంషాబాద్ – గన్నవరం: సెస్నా 172 తెనాలి మీద ఎందుకు తేలుతోంది?

కొత్తరెక్క:
ఫ్లైట్ సిమ్యులేటర్‌లో గుండ్రటి మీటర్లున్న 172 విమానం. మ్యాప్ మీద గీత గీస్తే 142 నాటికల్ మైళ్ళు (మైళ్ళంటే ఇక్కడ ఇవే), ట్రాక్ (పోవాల్సిన దిశ) 107 డిగ్రీలు. ఎత్తు 5,500 అడుగులు, వేగం 110 నాట్లు (గంటకి నాటికల్ మైళ్ళు), లైవ్ వెదర్ (బయటి అసలు వాతావరణమే). మెటార్‌లో (విమానాశ్రయ వాతావరణ రిపోర్టులో) గాలి 4 నాట్లే ఉందని ముక్కు 107 మీదే పెట్టి 78 నిమిషాలు పోనిచ్చాను. కింద చూస్తే తెనాలి! లెక్క తప్పా, హెడింగ్ (ముక్కు దిశ) మీటర్ తప్పా?

దిక్సూచి:
లెక్క సరే, గాలే తప్పు. మెటార్ చెప్పేది రన్‌వే దగ్గరి గాలి. 5,500లో ఎంత ఉందో మీరు తేలిన చోటే చెబుతోంది. గన్నవరం నుంచి తెనాలి 19 మైళ్ళ పైచిలుకు. 78 నిమిషాల్లో అంత దూరం కుడికి కొట్టుకుపోయారంటే ఎడమ నుంచి, అంటే దాదాపు 020 డిగ్రీల దిక్కు నుంచి, 15 నాట్లు వీస్తోంది.

పక్కగాలిని 60తో గుణించి మీ వేగంతో భాగించండి: 15 × 60 ÷ 110, సుమారు 8 డిగ్రీలు. గాలి వచ్చే వైపే ముక్కు తిప్పాలి కాబట్టి హెడింగ్ 99. ఇక్కడ అయస్కాంత తేడా (అసలు ఉత్తరానికీ దిక్సూచి చూపే ఉత్తరానికీ మధ్య) ఒక డిగ్రీ అటూఇటూ, వదిలేయండి.

ఏటిగట్టు:
78 నిమిషాలు కిందికి చూడకపోవడమే అసలు తప్పు అంటాను. ఆ గీత మీద గుర్తులకి కొదవలేదు. 50 మైళ్ళ దగ్గర నల్గొండ ఎడమవైపు 4 మైళ్ళలో ఉండాలి. 98 దగ్గర పులిచింతల డ్యామ్ దాదాపు మీ కిందే. ప్రకాశం బ్యారేజీ చివర్లో కుడిపక్కన 4, 5 మైళ్ళలో కనబడాలి.

నల్గొండ 4కి బదులు 11 మైళ్ళలో ఉందనుకోండి, 7 మైళ్ళు కుడికి పోయినట్టు. 7 × 60 ÷ 50 = 8 డిగ్రీలు, అది ఇప్పటిదాకా పడిన డ్రిఫ్ట్ (గాలికి పక్కకి జరిగిన కోణం). మిగిలిన 92 మైళ్ళలో గన్నవరం చేరాలంటే ఇంకో 7 × 60 ÷ 92, దాదాపు 5. రెండూ కలిపి 13 డిగ్రీలు ఎడమకి, అంటే 94. చాలామంది మొదటి 8 మాత్రమే తిప్పుతారు. అప్పుడు గీతకి సమాంతరంగా పోతారే తప్ప గీత మీదికి రారు.

గైరో:
హెడింగ్ మీటర్ కూడా అమాయకురాలేం కాదు. దాని లోపలి గైరో (గిర్రున తిరిగే చక్రం) నెమ్మదిగా పక్కకి జారుతుంది. 15 నిమిషాలకోసారి అయస్కాంత దిక్సూచి చూసి నాబ్‌తో సరిచేయండి, అదీ రెక్కలు సమంగా, వేగం నిలకడగా ఉన్నప్పుడే. మలుపులో దిక్సూచి అబద్ధం చెబుతుంది.

హైదరాబాద్ వీఓఆర్ (దిక్కు చెప్పే రేడియో స్టేషన్) మీద ఆధారపడదామంటే, ఆ ఎత్తులో సిగ్నల్ 70 మైళ్ళు దాటి అందదు. సగం దారి గడియారంతోనే.

కొత్తరెక్క:
99 పెడితే పులిచింతల సరిగ్గా కిందికొచ్చింది! దిగడం ఎప్పుడు మొదలెట్టాలి?

దిక్సూచి:
సర్క్యూట్ ఎత్తు (దిగే ముందు రన్‌వే పక్కన చుట్టు తిరిగే ఎత్తు) 1,100 అనుకుంటే దిగాల్సింది 4,400 అడుగులు. నిమిషానికి 500 చొప్పున 9 నిమిషాలు, అంటే 17 మైళ్ళ ముందు. బ్యారేజీ కోసం ఆగకండి, అప్పటికి 10 మైళ్ళే మిగులుతాయి.