సీసం పట్టే సిలికా మన బోరు నీళ్ళకు పనికొస్తుందా?

హన్మకొండ స్కాలర్:
సిలికా గింజల సన్నటి రంధ్రాల్లో, లోహాలను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనం అణువులను అతికించి, నీళ్ళలోని సీసాన్ని పట్టే పదార్థం మీద ఐదేళ్ళుగా పనిచేస్తున్నాను. ల్యాబ్‌లో మంచి ఫలితం వచ్చింది. ఆర్‌ఓ చాలా నీళ్ళు పారబోస్తుంది, దీనికి ఆ వృథా లేదు. సీసం ఉన్న బోర్ల దగ్గర ఊరి ప్లాంట్లలో ఇది పెట్టాలని నా వాదన.

పరకాల బోరు:
నీళ్ళలో మందు కలిపి తాగమంటున్నావు తమ్మీ.

హన్మకొండ స్కాలర్:
కలపడం కాదన్నా. అణువు గింజకు రసాయన బంధంతో కట్టేసి ఉంటుంది. నీళ్ళు పోతాయి, అది అక్కడే ఉంటుంది. రెండు నైట్రోజన్లు, నాలుగు ఆక్సిజన్లు, మొత్తం ఆరు చోట్ల లోహాన్ని పట్టుకుంటుంది, ఎండ్రికాయ డెక్కలతో పట్టినట్టు. దీన్ని చిలేషన్ అంటారు. ఆ పేరు కూడా డెక్క అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే వచ్చింది.

పరకాల బోరు:
మందు మందే.

ములుగు రోడ్డు:
మా దగ్గర బాధ ఫ్లోరైడ్‌తో. అది పోతుందా?

హన్మకొండ స్కాలర్:
పోదు. ఫ్లోరైడ్ రుణావేశం ఉన్న అయాన్, ఈ డెక్కలకు చిక్కదు.

కెమిస్ట్రీ మేడం:
మా పిల్లలు నీటి కఠినత్వం (కాల్షియం, మెగ్నీషియం లవణాలు) కొలిచేది ఈడీటీఏతోనే. అంటే అది కాల్షియాన్నీ పడుతుంది. కఠినత్వం లీటరుకు 600 మిల్లీగ్రాములున్న (కాల్షియం కార్బొనేట్ లెక్కన) బోరు తీసుకోండి. సీసం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు అనుకుందాం, అది మన ప్రమాణం 0.01కి ఐదు రెట్లు. అప్పుడు ఒక్కో సీసం అయానుకు దాదాపు 25 వేల కాల్షియం, మెగ్నీషియం అయాన్లు. మీ గింజలు వాటితోనే నిండిపోవా?

హన్మకొండ స్కాలర్:
నిండినా సీసం వాటిని తోసేస్తుంది మేడం. పట్టు ఎంత గట్టిదో చెప్పే స్థిరత్వ స్థిరాంకాల లాగ్ విలువలు (ఒకటి పెరిగితే పట్టు పది రెట్లు) కాల్షియానికి 10.7, సీసానికి 18. పట్టులో తేడా రెండు కోట్ల రెట్లు.

కెమిస్ట్రీ మేడం:
అవి విడిగా కరిగి ఉన్న ఈడీటీఏ విలువలు. గింజకు కట్టడానికి ఒక చేయి వాడేశారు కదా, పట్టు తగ్గదా? మీరు పరీక్షించింది బోరు నీళ్ళలోనా, డిస్టిల్డ్ నీళ్ళలోనా?

హన్మకొండ స్కాలర్:
తగ్గుతుంది. ఇప్పటిదాకా డిస్టిల్డ్ నీళ్ళలోనే చేశాను. కానీ సూత్రం మారదు. ప్రతి అడుగుకూ అడ్డు తగిలితే ఏ పనీ ల్యాబ్ దాటి బయటికి రాదు.

పరకాల బోరు:
అడ్డు తగులుతున్నానా? మా ఊళ్ళో ఆర్‌ఓ ప్లాంటు పెట్టినప్పుడు కొబ్బరికాయ కొట్టింది నేనే. మూడేళ్ళు ఫిల్టర్ మార్చలేదు. కడిగిన యాసిడ్ కుంటలో పోశారు. మా బర్రెలు తాగేది ఆ కుంటలోనే. అడిగితే పెట్టినోళ్ళు నడిపేటోళ్ళ మీదికి తోశారు, నడిపేటోళ్ళు పెట్టినోళ్ళ మీదికి. నీ గింజలు నిండినంక ఏం చేస్తావు, అది చెప్పు.

హన్మకొండ స్కాలర్:
పలచటి యాసిడ్‌తో కడిగితే సీసం ఊడొస్తుంది. గింజలు మళ్ళీ వాడొచ్చు.

పరకాల బోరు:
ఆ యాసిడ్ ఎక్కడ పోస్తావు?

కెమిస్ట్రీ మేడం:
అసలు ప్రశ్న ఇదే, నేనూ ముందు అడగలేదు. నేను చెప్పిన బోరు లెక్కలోనే 20 వేల లీటర్లలో ఉండేది ఒక గ్రాము సీసం. అదంతా కడిగిన యాసిడ్ పోసే డబ్బాలోకి చేరుతుంది. విషం మాయం కాదు, ఒకచోట పోగవుతుంది.

హన్మకొండ స్కాలర్:
రాత్రంతా ఆలోచించాను. గింజలు ఎన్నిసార్లు వాడొచ్చో ఐదేళ్ళు లెక్కపెట్టాను. ల్యాబ్‌లో కడిగిన యాసిడ్ వ్యర్థాల డబ్బాలో పోస్తాం, ఎవరో తీసుకెళ్తారు. ఊళ్ళో ఆ ఎవరో ఉండరని నాకు తట్టలేదు. అన్నా, మీ బోరు నీళ్ళు ఐదు లీటర్లు పంపండి. ముందు వాటితో చేసి చూస్తాను. డబ్బా సంగతి తేలేదాకా ప్లాంటు మాట ఎత్తను.

పరకాల బోరు:
నీళ్ళు నేనే తెస్తా. ప్లాంటు పెట్టే రోజు వస్తే డబ్బా ఎవరు తీసుకపోతారో, ఏ తారీఖున తీసుకపోతారో కాగితం మీద రాసి పంచాయతీలో ఇయ్యాలె. సంతకం నీది ఉండాలె.

హన్మకొండ స్కాలర్:
ఉంటుంది.