వానలు లేని నేల వర్తకులను పుట్టిస్తుందా? తొలి అరబ్బుల వ్యాపారం గురించి ఒక సందేహం

ఎర్రనేల (అనంతపురం):
పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లలకు సాయంత్రం పూట చరిత్ర చెబుతుంటాను. మక్కా లోయలో పంట పండదు కాబట్టి అక్కడి ఖురైషు తెగవారు వర్తకులయ్యారని చెప్పగానే ఒక అమ్మాయి లేచి, "మన జిల్లాలోనూ వానలు లేవు కదా సార్, మనవాళ్లు బెంగళూరుకు కూలికి పోయారే గాని వర్తకులు కాలేదేం?" అని అడిగింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా మాది. కరవు ఒక్కటే కారణం కాకపోతే, అరేబియా భౌగోళిక స్థితిలో మరేముందో తెలిసినవారు వివరించగలరు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
ఆ అమ్మాయి అడిగినది సరైన ప్రశ్న. వాన లేకపోవడం మనిషిని ఊరు దాటిస్తుంది, అంతే. వర్తకుణ్ణి చేయాలంటే ఆ ఎండిన నేలకు ఇరువైపులా సరుకున్న దేశమూ, డబ్బున్న దేశమూ ఉండాలి. అరేబియాకు దక్షిణాన యెమెన్‌లోనూ, ఇప్పటి ఒమన్‌లోని ధోఫార్ కొండల్లోనూ సాంబ్రాణి, బోళం అనే సువాసన బంక దొరికేవి. ఉత్తరాన సిరియా, ఈజిప్టు, ఆ వెనుక రోమన్ సామ్రాజ్యం వాటిని కొనేవి. ఈ రెంటినీ కలిపే పడమటి దారి చుట్టుపక్కలనే మక్కా ఉంది. చలికాలపు, వేసవి ప్రయాణాల ప్రస్తావన ఖురాన్ 106వ సూరాలో (అధ్యాయంలో) ఉంది. చలికాలంలో యెమెన్‌కు, ఎండాకాలంలో సిరియాకు అని వ్యాఖ్యాతలు చెబుతారు.

ఇక ఒంటె సంగతి. మన ప్రాంతంలో ఉప్పు, ధాన్యం మోసిన లంబాడీల ఎద్దులకు రోజూ నీళ్లు, దారి పొడవునా మేత కావాలి. ఒంటె నూటయాభై కిలోలకు పైగా మోస్తూ, నీళ్లు లేకుండా రోజుల తరబడి నడుస్తుంది, బాట వేయకపోయినా పోతుంది. అందుకే పశ్చిమాసియాలో కొన్ని శతాబ్దాల పాటు చక్రాల బండి దాదాపు మూలపడింది. అయితే బిడారును (సరుకు మోసే ఒంటెల బారును) దోచుకునేవారుంటే ఒంటె ఎంత గట్టిదైనా లాభం లేదు. ఏడాదిలో నాలుగు నెలలు యుద్ధం నిషిద్ధమన్న ఆచారం, మక్కాలోని కాబా ఆలయం చుట్టూ ఉన్న పవిత్రత, ఉకాజ్ వంటి సంతలు ఆ భయాన్ని తగ్గించాయి. నా దృష్టిలో ఎడారి కన్నా ఈ ఏర్పాట్లే ముఖ్యం.

పాలకొండల నీడ (కడప):
తుంగభద్ర గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ సాంబ్రాణి విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ముహమ్మద్ ప్రవక్త కాలానికి ఆ వ్యాపారం బాగా పడిపోయిందనీ, మక్కా వారు ఖరీదైన సుగంధాలు అమ్మారనడానికి గట్టి ఆధారాలు లేవనీ చరిత్రకారిణి పట్రీషియా క్రోన్ 1987లో వాదించారు. ఆమె లెక్కలో వారి సరుకు తోళ్లు, బట్టలు, పశువులు, నెయ్యి వంటివి. ఆమె వాదన మొత్తాన్ని అందరూ ఒప్పుకోలేదు గాని, ఈ ఒక్క మాట నాకు నమ్మదగినదిగా తోస్తుంది. గొర్రెలు, మేకలు తప్ప మరేదీ బతకని నేల తోళ్లనే కదా ఇస్తుంది! అలా చూస్తే ఖురైషులు ఎవరి సరుకునో మోసిన దళారులు మాత్రమే కారు, తమ బీడు భూమి ఇచ్చినదాన్ని కూడా అమ్ముకున్నారు.

గాలివాటు (కర్నూలు):
అందరూ ఎడారి చుట్టూనే తిరుగుతున్నారు. సముద్రాన్ని వదిలేస్తే సగం కథ పోతుంది. ఎర్ర సముద్రపు ఉత్తర భాగంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరపు గాలే వీస్తుంది, పైగా తీరం వెంట పగడపు దిబ్బలు. హిందూ మహాసముద్రం నుంచి వచ్చిన ఓడలు మక్కాకు దగ్గరి జిద్దా రేవు దాటి ఎదురుగాలికి పోవడం కష్టం కనుకనే అక్కడి రేవులకు, ఒడ్డు వెంట నడిచే బిడార్లకు అంత పని దొరికింది.

762లో ఖలీఫా మన్సూర్ బాగ్దాదును టైగ్రిస్ ఒడ్డున, యూఫ్రటీస్ కాలువలు అందేచోట కట్టించిన తరువాత వ్యాపారపు బరువు పర్షియన్ గల్ఫ్ వైపు మొగ్గింది. ఇరాక్‌లోని బస్రా, ఇరాన్ తీరంలోని సీరాఫ్ రేవుల నుంచి ఓడలు మలబారుకు, అక్కడి నుంచి చైనాకు వెళ్లేవి. అరేబియాలో ఓడకు పనికొచ్చే కలప లేదు. టేకు మన పడమటి తీరం నుంచి పోయేది. పలకల అంచులకు రంధ్రాలు చేసి, ఇనుప మేకులు లేకుండా కొబ్బరి నార తాళ్లతో కుట్టేవారు. ఇండోనేషియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర 1998లో బయటపడిన తొమ్మిదో శతాబ్దపు ఓడ అలా కుట్టినదే. అందులో సుమారు 60,000 చైనా పింగాణీ పాత్రలు దొరికాయి.

ఎర్రనేల గారూ, మీ విద్యార్థినికి ఇంకొకటి చెప్పండి. ఎర్ర సముద్రం వైపు నుంచి ఓడలను మన పడమటి తీరానికి తోలిన నైరుతి గాలి పడమటి కనుమలను దాటేసరికి తడి పోగొట్టుకొని మీ అనంతపురానికి పొడిగా చేరుతుంది.

ఎర్రనేల (అనంతపురం):
అందరికీ ధన్యవాదాలు. గాలి సంగతి రేపే చెబుతాను. ఒక్కటి మాత్రం అడగాలి: నెలల తరబడి సాగే ప్రయాణం, దారిలో దోపిడీ, తుఫాను ఉన్నప్పుడు పెట్టుబడి ఎవరు పెట్టేవారు?

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
దానికి వారు ముదారబా అనే పద్ధతి వాడారు. ఒకరు డబ్బు పెడతారు, మరొకరు సరుకుతో ప్రయాణిస్తారు; లాభాన్ని ముందే ఒప్పుకున్న వాటాల్లో పంచుకుంటారు. ప్రయాణించినవాడి తప్పు లేకుండా నష్టం వస్తే డబ్బు పోయేది పెట్టుబడిదారుకే, ఇతనికి పోయేది తన శ్రమ. మక్కా వర్తకురాలు ఖదీజా గారు ముహమ్మద్ ప్రవక్తను తమ సరుకుతో సిరియాకు పంపినది కూడా ఇలాంటి ఒప్పందం మీదనేనని సంప్రదాయం చెబుతుంది. పంట పోయినా వడ్డీ ఆగని మన వేరుశనగ రైతు అప్పును దీని పక్కన పెట్టి చూపితే, మనవాళ్లు వర్తకులు ఎందుకు కాలేదన్న ప్రశ్నకు సగం జవాబు ఆ అమ్మాయికి అక్కడే దొరుకుతుంది.